అసాసిన్ బగ్: తోటలో ఎవరి పక్షమూ కాని వేటగాడు

పొద్దున టమాటా మొక్క మీద లద్దె పురుగును పట్టి పీల్చేసిన అసాసిన్ బగ్, మధ్యాహ్నానికి పక్కనే ఉన్న పూల మొక్క మీద తేనెటీగను పట్టుకుని కనిపిస్తుంది. మొదటిది చూసినవాళ్ళు తోటకు మంచి కాపలా దొరికిందంటారు. రెండోది చూసినవాళ్ళు వెంటనే చంపెయ్యాలంటారు. తెలియక చేత్తో పట్టుకుని కుట్టించుకున్నవాళ్ళు దాన్ని విషపురుగు అంటారు. ముగ్గురు చెప్పేదీ నిజమే. పురుగు ఒక్కటే, దాని పద్ధతీ ఒక్కటే: ముందుకాళ్ళకు అందే దూరంలో, తాను లొంగదీయగల సైజులో ఏది కదిలినా పట్టుకోవడం. తోటకు దానివల్ల జరిగే మేలూ కీడూ ఈ ఒక్క అలవాటు నుంచే వస్తాయి. అందుకే దాన్ని మిత్ర పురుగుల జాబితాలో చేర్చేసి ఊరుకోకూడదు. ఏ పరిస్థితిలో పనికొస్తుంది, ఏ పరిస్థితిలో అడ్డొస్తుంది అన్నది చూడాలి.

అసాసిన్ బగ్ అంటే ఒక్క జాతి కాదు. రెడ్యువిడే అనే పెద్ద కుటుంబం మొత్తాన్ని వాడుకలో ఇలా పిలుస్తారు. ఇందులో ఇప్పటిదాకా దాదాపు 7,000 జాతులను శాస్త్రవేత్తలు గుర్తించారు. పేనుబంక, పచ్చదోమ, పిండినల్లి, మంచాల్లో చేరే నల్లి, ఇవన్నీ ఉన్న హెమిప్టెరా వర్గంలోనే ఇవీ ఉన్నాయి. అంటే మొక్కల రసం పీల్చే పురుగులకూ, వాటిని పట్టి తినే ఈ పురుగులకూ నోటి నిర్మాణం మూలంలో ఒకటే. నమలడానికి దవడలు ఉండవు, గుచ్చి పీల్చే తొండం ఉంటుంది. ఆకుకు గుచ్చాల్సిన తొండాన్ని ఇవి ఇతర పురుగుల ఒంట్లోకి గుచ్చుతాయి.

ఈ తొండం పొట్టిగా, లావుగా, కిందికి వంకర తిరిగి ఉంటుంది. బయటికి మూడు కణుపులు కనిపిస్తాయి. పని లేనప్పుడు ఛాతీ కింద ఉన్న గాడిలోకి మడత కత్తిలా ఒదిగిపోతుంది. ఆ గాడిలో సన్నని అడ్డగీతలు ఉంటాయి. తొండం కొనను వాటి మీద రాస్తే కీచుమని చప్పుడు వస్తుంది. ఎవరైనా పట్టుకున్నప్పుడు చాలా జాతులు ఈ చప్పుడు చేస్తాయి. అది వినగానే వదిలెయ్యడం మంచిది, ఎందుకంటే తర్వాత వచ్చేది పోటే.

వేట జరిగే తీరు చూస్తే ఇంత చిన్న పురుగు తనకన్నా పెద్ద గొంగళిని ఎలా పడగొడుతుందో తెలుస్తుంది. ముందుకాళ్ళతో పట్టుకుని, గట్టి చర్మం మధ్య మెత్తగా ఉండే కీలు దగ్గర తొండం గుచ్చుతుంది. లోపలికి విషంతో కూడిన లాలాజలం ఎక్కిస్తుంది. అది ముందు నరాలను పడేస్తుంది, కదలిక ఆగిపోతుంది. అదే లాలాజలంలో ఉన్న ఎంజైములు కండరాలనూ ఇతర కణజాలాన్నీ కరిగించి ద్రవంగా మారుస్తాయి. అసాసిన్ బగ్ ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. తిండి సగం అరిగేది దాని కడుపులో కాదు, తిండి అవబోయే పురుగు ఒంట్లోనే. చివరికి ఖాళీ తోలు మాత్రం మిగులుతుంది. ఆకుల మీద ముడుచుకుపోయిన లద్దె పురుగుల తోళ్ళు కనిపిస్తే, దగ్గర్లో ఇలా పీల్చి బతికే వేటగాడు ఏదో ఉండే అవకాశముంది.

ఈ విషం గురించి 2018లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన చాలా ముఖ్యమైనది. ప్రిస్థెసాంకస్ ప్లాజిపెన్నిస్ అనే జాతిలో విషగ్రంథికి వేర్వేరు గదులు ఉంటాయని, వాటిలో తయారయ్యే విషాలు కూడా వేరని వాళ్ళు చూపించారు. వేటాడేటప్పుడు ఒక గది నుంచి, తనను ఎవరైనా వేధించినప్పుడు ఇంకో గది నుంచి విషం వదులుతుంది. మొదటిది పురుగులను పక్షవాతం వచ్చినట్టు పడేస్తుంది. రెండోది అలా చెయ్యదు, అది తనను తాను కాపాడుకోవడానికి వాడేది. ఆఫ్రికాకు చెందిన ప్లాటిమెరిస్ రాడమాంథస్ అయితే గుచ్చే దాకా కూడా ఆగదు. బెదిరిస్తే లాలాజలాన్ని దాదాపు 30 సెంటీమీటర్ల దూరం చిమ్ముతుంది. అది కంట్లో పడితే బాగా మండుతుంది.

కొన్ని జాతుల వేట పద్ధతులు తెలుసుకుంటే ఆశ్చర్యం ఆగదు. ఆస్ట్రేలియాలో స్టెనోలెమస్ బైట్యుబరస్ సాలెగూటి అంచున చేరి దారాలను మీటుతుంది. చిక్కుకున్న పురుగు నీరసంగా కొట్టుకుంటున్నట్టు ఆ కంపనం ఉంటుంది. తిండి దొరికిందని దగ్గరికి వచ్చిన సాలీడే దానికి తిండి అవుతుంది. కోస్టారికాలో సాల్యవాటా అనే రకం పిల్ల పురుగులు చెదల పుట్ట పొడిని ఒంటికి పూసుకుని పుట్ట ద్వారం దగ్గర కూర్చుంటాయి. పీల్చేసిన చెదపురుగు తోలును ద్వారంలో ఆడించి, దాన్ని లాక్కుపోవడానికి వచ్చిన ఇంకో చెదపురుగును పట్టుకుంటాయి. అకాంథాస్పిస్ పేటాక్స్ పిల్లలు తాము తిన్న చీమల కళేబరాలను వీపు మీద గుట్టగా మోస్తాయి. ఆ గుట్ట ఉన్నప్పుడు గెంతే సాలీళ్ళు వాటిని గుర్తుపట్టలేక వదిలేస్తాయని ప్రయోగాల్లో తేలింది.

కానీ తోట పెంచేవాళ్ళకు కావలసింది ఈ నిపుణులు కాదు. సాలీళ్ళనో చెదలనో మాత్రమే వెతుక్కునే జాతి కూరగాయల మడికి చేసే సాయం తక్కువ. తోటల్లో ఎక్కువగా తిరిగేవి దొరికిందల్లా తినే రకాలు: జీలస్, రైనోకోరిస్, సైకానస్, ఉత్తర అమెరికాలో కనిపించే వీల్ బగ్ లాంటివి. జీలస్ కాళ్ళకు జిగురు ఉంటుంది. దోమలు, చిన్న ఈగలు దానికి అంటుకుని తప్పించుకోలేవు. జీలస్ రెనార్డై తల్లి గుడ్ల గుంపు మీద జిగురు పూస్తుంది. గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్ల ఆ జిగురును కాళ్ళకు రాసుకుని మొదటి వేటకు బయల్దేరుతుంది. ఆ జిగురు అందని పిల్లలకు వేట అంత బాగా సాగదని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

ఇలా దొరికిందల్లా తినడంలో ఒక గట్టి లాభం ఉంది. ఒకే రకం పురుగు మీద బతికే వేటగాడు ఆ పురుగు లేని రోజుల్లో తోట వదిలి వెళ్ళిపోతుంది, లేదా చచ్చిపోతుంది. అసాసిన్ బగ్‌కు ఆ ఇబ్బంది లేదు. పేనుబంక లేకపోతే పచ్చదోమ, అదీ లేకపోతే లద్దె పురుగు, ఏదో ఒకటి దొరుకుతుంది. కాబట్టి తెగులు మొదలయ్యే నాటికి అది తోటలోనే ఉంటుంది. మొదటి పదో ఇరవయ్యో లద్దె పురుగులు చిన్నగా ఉన్నప్పుడే పోతే, అవి పెరిగి పెట్టబోయే వందల గుడ్లు తప్పుతాయి. దాని అసలు విలువ ఇక్కడే.

నష్టం వైపు చూస్తే, అది పెరిగే వేగం చాలా తక్కువ. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల అయిదు దశలు దాటి, అయిదుసార్లు కుబుసం విడిచి రెక్కలు తెచ్చుకోవాలి. వీల్ బగ్‌కు ఏడాదికి ఒక్క తరమే. పేనుబంక మాత్రం వెచ్చని వాతావరణంలో వారం, పది రోజులకే కొత్త తరాన్ని దించుతుంది. పేనుబంక ఒక్కసారిగా పొంగినప్పుడు అసాసిన్ బగ్‌ల సంఖ్య దానికి తగ్గట్టు పెరగదు. అప్పటికే ఆకులన్నీ ముడుచుకుపోయిన మొక్కను అది కాపాడుతుందని ఎదురుచూడటం వృథా. అది తెగులు రాకుండా కొంత అడ్డుపడగలదు, వచ్చిన తెగులును వదిలించలేదు.

ఇంకో చిక్కు అంతకన్నా లోతైనది. అది పట్టే పురుగుల్లో మనకు సాయపడే పురుగులు కూడా ఉంటాయి. కాలిఫోర్నియా పత్తి చేలలో కీటక శాస్త్రవేత్త జే రోజెన్‌హైమ్ బృందం చేసి 1993లో ప్రచురించిన ప్రయోగాలు దీన్ని చక్కగా బయటపెట్టాయి. పత్తి మీది పేనుబంకను అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) పిల్లలు బాగా తగ్గించగలవు. పంజరాల్లో అవి మాత్రమే ఉన్నప్పుడు అలాగే జరిగింది. వాటికి తోడుగా జీలస్ రెనార్డైను కూడా వదిలితే పేనుబంక ఇంకా తగ్గాలి కదా. కానీ పెరిగింది. కారణం, జీలస్ పేనుబంకను పెద్దగా పట్టించుకోకుండా అల్లిక రెక్కల పురుగు పిల్లలను తినేసింది. వేటగాళ్ళ సంఖ్య పెరిగితే తెగులు తగ్గుతుందన్న లెక్క అన్నిచోట్లా పనిచెయ్యదని దీనితో స్పష్టమైంది. సమగ్ర సస్యరక్షణ గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన ప్రయోగం ఇది. తోటలో ఏ తెగులు ముఖ్యం అన్నదాన్ని బట్టి ఒకే పురుగు సాయం కావచ్చు, అడ్డంకి కావచ్చు. లద్దె పురుగులు, ఆకు తినే పెంకు పురుగులు బెడదగా ఉన్నచోట అసాసిన్ బగ్ పనికొస్తుంది. పేనుబంక ఒక్కటే బెడద అయి, దాన్ని అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు అదుపు చేస్తున్నచోట దానివల్ల నష్టం జరగొచ్చు.

తేనెటీగల సంగతి కూడా ఉంది. ఇదే కుటుంబానికి చెందిన ఆంబుష్ బగ్‌లు పువ్వు రంగులో కలిసిపోయి కదలకుండా కూర్చుంటాయి. తేనె కోసం వాలిన ఈగను, సీతాకోకచిలుకను పట్టేస్తాయి. ఏపియోమెరస్ జాతులు మొక్కల జిగురును ముందుకాళ్ళకు పూసుకుని తేనెటీగలను వేటాడతాయి. ఇది చూడటానికి బాధగానే ఉంటుంది. కానీ వేల ఈగలున్న తేనెపట్టుకు రోజుకు కొన్ని పోవడం పెద్ద దెబ్బ కాదు. పూలు ఉన్న సమయంలో కొట్టే ఒక్క పురుగుమందు చేసే నష్టంతో దీన్ని పోల్చనే కూడదు. తేనెటీగ కోసం అసాసిన్ బగ్‌ను చంపాలన్న వాదన ఆ మందు డబ్బా పక్కన పెట్టి చూస్తే నిలబడదు. సీతాకోకచిలుకల కోసమే పెంచే చిన్న పూలమడి అయితే సంగతి వేరు. అక్కడ గొంగళి పురుగులే ముఖ్యం కాబట్టి, అసాసిన్ బగ్‌ను ఒక కొమ్మతో ఎత్తి కూరగాయల వైపు వదిలేస్తే సరిపోతుంది.

ఇంత మంచి వేటగాడైతే అక్షింతల పురుగుల్లా పెంచి ఎందుకు అంత విరివిగా అమ్మరు? ముఖ్య కారణం, ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒకే డబ్బాలో వంద పిల్లలను పెట్టి తిండి కాస్త తగ్గిస్తే పెద్దవి చిన్నవాటిని పీల్చేస్తాయి. ముఖ్యంగా అప్పుడే కుబుసం విడిచి ఒళ్ళు మెత్తగా ఉన్నవి తప్పించుకోలేవు. పైగా వాటికి బతికున్న పురుగులను అందించాలంటే ఆ పురుగులను కూడా పెంచాలి, ఖర్చు రెట్టింపు. ఆస్ట్రేలియాలో ప్రిస్థెసాంకస్ మీద పనిచేసినవాళ్ళు వేడినీళ్ళలో చంపిన పురుగులను తిండిగా పెట్టి ఈ ఖర్చు తగ్గించే దారి కనిపెట్టారు. పత్తి, సోయా చేలలో పిల్లలను వదిలి శనగపచ్చ పురుగు మీద ఫలితాలు కూడా చూశారు. ఆగ్నేయాసియా ఆయిల్‌పామ్ తోటల్లో ఆకు తినే గొంగళి పురుగుల మీద సైకానస్ జాతులను వాడుతున్నారు. పెద్ద తోటకు ఇది సరిపడే పద్ధతి. ఇంటి పెరటికి కొని తెచ్చుకుని వదలాల్సిన అవసరం మాత్రం లేదు. తిండి లేకపోతే అవి ఉండవు, ఉంటే ఆ చోట సహజంగా ఉండే జాతులు వాటంతట అవే వస్తాయి.

బయటి నుంచి తెచ్చి వదలడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అమెరికా ఖండానికి చెందిన జీలస్ రెనార్డై ఇప్పుడు గ్రీసు, ఇటలీ, స్పెయిన్ దేశాల్లో స్థిరపడింది. ఇటలీ దక్షిణాన అపులియాలో 2013లో ఆలివ్ చెట్లను ఎండగొట్టే జైలెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. ఆ బ్యాక్టీరియాను నురగలో దాక్కునే ఒక రసం పీల్చే పురుగు చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. జీలస్ ఆ పురుగును తింటుంది కాబట్టి దాన్ని ఆయుధంగా వాడుకోవచ్చని కొందరు ఇటలీ పరిశోధకులు ప్రతిపాదించారు. లక్షల చెట్లు పోగొట్టుకున్న ప్రాంతంలో అలాంటి ఆలోచన రావడం సహజం. అయినా ఏది పడితే అది తినే విదేశీ పురుగును కావాలని పెంచితే స్థానిక పురుగుల గతి ఏమిటన్న ప్రశ్న చిన్నది కాదు. కాలిఫోర్నియా పత్తి చేలలో అల్లిక రెక్కల పురుగులను తినేసింది కూడా ఇదే జీలస్.

ఇక కుట్టడం గురించి. అసాసిన్ బగ్ మనిషి వెంటపడి కుట్టదు. నలిపినా, చేత్తో పట్టుకున్నా, బట్టల్లో ఇరుక్కున్నా పొడుస్తుంది. ఆ నొప్పి కందిరీగ పోటుకు తీసిపోదు. వీల్ బగ్ పోటు అంతకన్నా ఎక్కువ అంటారు, గంటల తరబడి సలుపుతుంది, తిమ్మిరి రోజులు ఉండొచ్చు. సబ్బునీళ్ళతో కడిగి చల్లని కాపడం పెడితే చాలామందికి తగ్గిపోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పిల్లలు తిరిగే తోటలో, పురుగులను చేత్తో ముట్టుకోవద్దని వాళ్ళకు చెప్పడం, కలుపు తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవడం చాలు.

జనంలో ఉన్న భయానికి అసలు మూలం వేరే ఉంది. ఈ కుటుంబంలోనే ట్రయాటోమినే అనే ఉపకుటుంబం ఉంది. 150కి పైగా జాతులున్న ఈ గుంపు పురుగులను కాకుండా జంతువుల, మనుషుల నెత్తురు తాగి బతుకుతుంది. రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్ళ ముఖం మీద కుడతాయి కాబట్టి కిస్సింగ్ బగ్ అన్న పేరు వచ్చింది. 1909లో బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగస్ ఇవి మోసే పరాన్నజీవిని, అది తెచ్చే జబ్బును కనిపెట్టాడు. ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది. పరాన్నజీవి పోటు ద్వారా రాదు. తాగిన తర్వాత పురుగు వదిలే మలంలో ఉంటుంది, గోక్కున్నప్పుడు గాయంలోకో కంట్లోకో చేరుతుంది. ఏళ్ళ తర్వాత గుండెను దెబ్బతీసే ఈ జబ్బుతో ప్రపంచంలో సుమారు 70 లక్షల మంది ఉన్నారని అంచనా. వారిలో ఎక్కువమంది లాటిన్ అమెరికావారే. తోటలో గొంగళి పురుగులను తినే అసాసిన్ బగ్ ఈ జబ్బు తేదు. రెండూ చుట్టాలైనంత మాత్రాన ఒకదాని తప్పుకు ఇంకోదాన్ని చంపడం అన్యాయం. 1899 వేసవిలో అమెరికా పత్రికలు కిస్సింగ్ బగ్ గురించి వరుసగా రాయడంతో దేశమంతా టెన్షన్ పట్టుకుంది. ఏ పురుగు కుట్టినా దాని ఖాతాలోనే వేశారు. ఆ గొడవలో ఎక్కువగా పేరు పడ్డది ఇళ్ళలో దుమ్ము పూసుకుని తిరుగుతూ నల్లులను కూడా తినే మాస్క్‌డ్ హంటర్. అదీ అసాసిన్ బగ్గే.

రెంటినీ వేరుచెయ్యడానికి తొండం చూస్తే చాలావరకు తెలుస్తుంది. నెత్తురు తాగే దాని తొండం సన్నగా, తిన్నగా ఉంటుంది. పురుగులను తినే దానిది లావుగా, వంకరగా ఉంటుంది. మొక్కలకు హాని చేసే ఆకుకాలి నల్లులు, కంపు నల్లులతో పోల్చేటప్పుడు కూడా ఇదే గుర్తు పనికొస్తుంది. వాటి తొండం పొడుగ్గా, నాలుగు కణుపులతో, కాళ్ళ మధ్య పొట్ట కిందికి ఆనుకుని ఉంటుంది. ఎర్రగా ఉండే పిల్ల పురుగుల దగ్గర పొరపాటు ఎక్కువ జరుగుతుంది. టమాటా కాయ మీద గుంపుగా చేరి రోజుల తరబడి కదలకుండా కూర్చున్న ఎర్ర పిల్లలు ఎక్కువగా ఆకుకాలి నల్లివే. అసాసిన్ పిల్లలు గుడ్ల దగ్గర మొదట్లో గుంపుగా ఉన్నా, త్వరగానే విడిపోయి ఒంటరిగా తిరుగుతాయి. సన్నని తల, మెడలా నొక్కుకుపోయిన భాగం, పొడుగు కాళ్ళు కూడా చూడాలి. భూతద్దం ఉంటే మేలు. ఫోన్‌లో దగ్గరగా తీసిన ఫొటో పెద్దది చేసి చూసినా తొండం కనిపిస్తుంది.

వీటిని తోటలో నిలుపుకోవాలంటే ముందు చెయ్యాల్సింది మందు ఆపడం. సింథటిక్ పైరిథ్రాయిడ్‌ల లాంటి, అన్ని పురుగులనూ చంపే మందు కొట్టినప్పుడు తెగులూ పోతుంది, వేటగాడూ పోతుంది. వారాల్లో తెగులు తిరిగొస్తుంది. ఏడాదికి ఒక్క తరమే ఉన్న వేటగాడు మాత్రం ఆ ఏడాదికి తిరిగి రాదు. మందు తప్పదనుకుంటే గొంగళి పురుగుల మీద మాత్రమే పనిచేసే బీటీ అనే బ్యాక్టీరియా మందు వాడొచ్చు. పేనుబంకను నీటి ధారతో కడగొచ్చు. తోట అంచున రకరకాల పూల మొక్కలు ఉంటే చిన్న పురుగులు చేరతాయి, పంట మీద తెగులు లేని రోజుల్లో అసాసిన్ బగ్‌కు అవే తిండి. ఎండిన కొమ్మలు, కాడలు అన్నీ ఒకేసారి నరికి తగలబెట్టే ముందు ఒకసారి వాటిని తిప్పి చూడాలి. వీల్ బగ్ లాంటివి శరదృతువులో కొమ్మలకు, కాండాలకు గోధుమరంగు గుడ్లను ఒకదానికొకటి ఆనించి ఆరుపలకల గుంపుగా అతికిస్తాయి. పెద్దవన్నీ చలికి చచ్చిపోతాయి. వచ్చే వసంతానికి తోటలో ఉండబోయే వీల్ బగ్‌లన్నీ ఆ గుడ్లలోనే ఉంటాయి కాబట్టి, అవి అంటుకున్న కొమ్మను కత్తిరించాల్సి వచ్చినా కాల్చకుండా మొక్కల మధ్యే ఎక్కడైనా కట్టి ఉంచాలి.